పూతరేకుల మీద పొగ

కోనవరం పెద్దవీధిలో పేర్రాజు అనే మిఠాయి వ్యాపారి ఉండేవాడు. దారిన పోయే ప్రతి బండీ తన కొట్టు ముందే ఆగాలని ఆయనకు తెగ ఆశ. నిజానికి ఆ కొట్టుకు పేరు తెచ్చింది ఆయన భార్య మంగాయమ్మ చేతి పూతరేకులు. ఆవిడ కొట్టు అరుగు మీదే కుండ బోర్లించి, మల్లెపూవంత తెల్లగా రేకులు తీసేది. ఆ ఊళ్లో పెళ్లి సారె అంటే మంగాయమ్మ పూతరేకులు ఉండాల్సిందే.

"బళ్లు సర్రున పోతున్నాయి. మన బోర్డు వంక చూసేవాడే లేడు," అని పేర్రాజు రోజూ గొణిగేవాడు. ఆయన వార్డు మెంబరు కూడా. ఆ పలుకుబడితో కొట్టు ముందు ఓ స్పీడు బ్రేకరు వేయించాడు.

"బడి పిల్లల కోసమండి," అని అందరికీ చెప్పాడు. బడి చూస్తే వీధికి ఆ చివర ఉంది!

బళ్లు నెమ్మదించాయి. కొందరు దిగి మిఠాయిలు కొన్నారు. ఇంకేముంది, పేర్రాజు దానికి అటొకటి, ఇటొకటి వేయించాడు.

అంతకుముందు ఒకే వేగంతో సాఫీగా సాగిపోయే లారీ ఇప్పుడు గట్టు గట్టుకీ ఆగేది. దాటాక మొదటి గేరులో మూలుగుతూ భుస్సున పొగ వదిలేది. వెనక బస్సులు, ఆటోలదీ అదే వరస. పొగంతా నేరుగా అరుగు మీదికే వచ్చేది.

"ఏవండీ, గుడ్డ కప్పినా రేకులు మాసిపోతున్నాయి. ఆ గట్లు తీయించండి," అంది మంగాయమ్మ దగ్గుతూ.

"తప్పు గట్లది కాదే, ఆ డొక్కు బళ్లది," అన్నాడు పేర్రాజు.

ఓ రోజు రైసుమిల్లు రత్తమ్మ గారు కూతురి పెళ్లి సారెకని చెప్పిన పూతరేకులు తీసుకెళ్లడానికి వచ్చింది. ఒకటి విప్పి వాసన చూసింది.

"ఇదేంటండీ పేర్రాజు గారూ! నెయ్యి వాసన పోయి డీజిలు వాసనొస్తోంది. వియ్యాలవారి ముందు నా పరువేం కావాలి?" అని, అన్నీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మంగాయమ్మకు దుఃఖం ఆగలేదు. "నా చేతికి ఏనాడూ మాట రాలేదండి. ఆ గట్లు పోయేదాకా నేను రేకు తీయను," అని పొయ్యి ఆర్పేసింది.

రత్తమ్మ గారిని బతిమాలదామని పేర్రాజు వీధి మొదట్లో నిలిపిన తన కొత్త వ్యానులో బయలుదేరాడు. మొదటి గట్టు దగ్గర ఆగాడు, ఎక్కాడు, దిగాడు. రెండో దానికీ అంతే. మూడోది దాటుతూ అద్దంలో వెనక్కి చూశాడు. తన వ్యాను వదిలిన పొగ తన అరుగు మీదికే పోతోంది. మంగాయమ్మ కొంగుతో ముక్కు మూసుకుని కూర్చుంది. తనదాకా వస్తే గాని తత్వం బోధపడదంటారు. పేర్రాజుకు సిగ్గేసింది.

వారం తిరక్కుండా మూడు గట్లూ తవ్వించేశాడు. బడి ముందు, అవసరమైన చోట, ఒక్కటి వేయించాడు. వీధి పొడవునా నడిచేవాళ్లకు వేరే బాట వేయించి, నీడకు కానుగ మొక్కలు పెట్టించాడు. బళ్లు ఆగకుండా, ఉరకకుండా నిదానంగా సాగాయి. మొక్కలు ఎదిగేకొద్దీ నీడపట్టున నడిచొచ్చేవాళ్లు పెరిగారు. బండిలో పోయేవాడి కన్నా నడిచేవాడికే మిఠాయి కనబడుతుంది మరి! మంగాయమ్మ మళ్లీ పొయ్యి వెలిగించింది. రత్తమ్మ గారు కూతురి సీమంతానికి పూతరేకులు ఇక్కడే చెప్పింది.

పదిమంది నడిచే దారిని పదిమంది మేలు కోసమే మలచాలి. సొంత లాభానికి దారికి అడ్డం పెడితే, ఆ పొగ మొదట మన ఇంటికే వస్తుంది.