ఊరికే అల్లుకునే గంట

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన ఈతచెట్ల మీద గిజిగాళ్ళ బడి ఒకటి ఉండేది. గూడు అల్లడంలో గిజిగాడిని మించిన పిట్ట లేదు కదా! అలాంటి పిట్టల బడిలో ఏం జరిగిందో వినండి.

పొద్దున గింజల పాఠం. మధ్యాహ్నం పాముల పాఠం. సాయంత్రం మాత్రం ఈనెలవ్వ అనే ముసలి పిట్ట వచ్చేది. పిల్లల ముందు గడ్డిపోచలు కుప్పగా పోసి, "మీ ఇష్టం. ఏం తోస్తే అది అల్లండి" అనేది. ఒక పిల్ల ఉయ్యాల అల్లేది, ఇంకో పిల్ల టోపీ అల్లేది. గరిక అనే పిల్ల అయితే వాగులో అలల్ని చూసి, అచ్చం అలాగే పోచలతో అల్లేది! అల్లినంతసేపూ అల్లి, ఆ అలలకు పాట కట్టి పాడేది.

కొత్తగా కంకయ్య మాస్టారు పెద్ద పంతులుగా వచ్చాడు. చెడ్డవాడేం కాదు, పిల్లలు ఏమైపోతారోనని బెంగ ఎక్కువ.

"వానాకాలంలో గూడు పరీక్ష ఉంది. ఈ టోపీలూ ఉయ్యాలలూ కూడు పెడతాయా?" అన్నాడు. ఈనెలవ్వను ఇక రావద్దన్నాడు. ఆ గంటలో గూటి కొలతలు బట్టీ పట్టించాడు. "మూతి కిందికి! గొట్టం పొడుగు! గది గుండ్రం!" అని పిల్లలు అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు.

గరిక ప్రాణమంతా గట్టున ఊగే గడ్డి మీదే.

"మాస్టారూ, ఇవాళ కాసేపు అల్లుకోవచ్చా?" అని అడిగింది.

"గింజల పరీక్ష అవనీ తల్లీ" అన్నాడు మాస్టారు.

అది అయింది. గరిక మళ్ళీ అడిగింది.

"పాముల పరీక్ష కూడా అవనీ."

అదీ అయింది. ఈసారి గరిక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కలలో కూడా పోచలే వస్తున్నాయండీ. ఒక్క పూట!" అంది.

"గూడు పరీక్ష అయ్యాక నీ ఇష్టం."

ఆ తర్వాత గరిక అడగలేదు. బుద్ధి వచ్చిందని మాస్టారు మురిసిపోయాడు. పిల్లలు అడగడం మానేస్తే పెద్దవాళ్ళకు ఎంత హాయో!

వానాకాలం వచ్చింది. పరీక్షలో పిల్లలు కొలతలన్నీ గడగడా చెప్పేశారు. "భేష్! ఇక అల్లండి" అన్నాడు మాస్టారు. అలవాటు తప్పి ఒక్క పిల్లకూ ముడి పడలేదు. లాగితే పోచ తెగింది, వదిలితే జారింది. ఇంతలో వాన దంచి కొట్టింది. పిల్లలంతా తడిసి ముద్దయ్యారు.

మాస్టారు ఈనెలవ్వ దగ్గరికి పరుగెత్తాడు. "అవ్వా, వీళ్ళకు ముడి వెయ్యడం నేర్పు."

"నేనెప్పుడు నేర్పాను నాయనా? ఆడుకుంటూ వాళ్ళే నేర్చుకునేవాళ్ళు" అంది అవ్వ.

మర్నాడు ఎండ కాసింది. మాస్టారే స్వయంగా పోచలు కుప్ప పోశాడు. "రా గరికా! ఇవాళంతా నీదే. నీకేం తోస్తే అది అల్లు తల్లీ!" అన్నాడు.

గరిక ఒక పోచ తీసుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. పోచ కింద పెట్టేసింది.

"ఏం అల్లాలో చెప్పండి మాస్టారూ. కొలత ఎంత?" అంది.

ఒక్క పూట ఇమ్మని ఏడ్చిన ఆ పిల్ల కోసం మాస్టారి గుండె తరుక్కుపోయింది.

అవ్వ వచ్చి గరిక పక్కన కూర్చుంది. "తొందరేం లేదు. ఊరికే పట్టుకో" అంది. పొద్దు వాలేదాకా ఇద్దరూ వాగు వైపు చూస్తూ అలాగే కూర్చున్నారు.

నీతి: ఆటా పాటా చదువుకు అడ్డు కావు, అవీ చదువే. పిల్లలు ఆశగా అడిగినప్పుడే ఇవ్వాలి. ఆశ ఆరిపోయాక ఎంత ఇచ్చినా ఏం లాభం?