నక్క మార్చిన నాజిళ్లు

ఏటికి ఇవతల గుమ్మడిపాడులో మనుషులు లేరు. సేద్యమంతా జంతువులదే. దున్నేవీ నాటేవీ, ఆ తర్వాత తీరిగ్గా తగువులాడుకునేవీ అవే.

నాట్లప్పుడు మొక్కల మొదళ్లకు ఎరువు నీళ్లు పట్టే బండి ఆ ఊళ్లో కొమ్మన్న అనే ఎద్దుకి మాత్రమే ఉండేది. అందుకని మూడేళ్లుగా ఏటి ఒడ్డు చేను, అందులోని పాకా అతనివే. ఆ ఒడ్డున పీతలు దండిగా ఉంటాయి. వాటి వాసన గాలికి వస్తుంటే జిత్తయ్య అనే నక్కకు తిన్నది వంటపట్టేది కాదు. పోనీ కొమ్మన్న ఆ పీతల్ని తింటాడా అంటే, ఎద్దాయె, వాసన కూడా చూడడు. జిత్తయ్యకు అదే మరీ కడుపుమంట.

ఓర్వలేక ఈ ఏడు తనూ ఒక బండి చేయించుకున్నాడు. అచ్చం కొమ్మన్నదానిలాంటిదే కావాలని పట్టుబట్టాడు. అదే నీలం డ్రమ్ము, అదే చేతిపంపు, గొట్టం చివర ధార చిమ్మే అవే ఆరు ఇత్తడి నాజిళ్లు.

నాట్లు అయిపోయాయి. అందరూ నీడ చూసుకుని నడుం వాలిస్తే, కొమ్మన్న బండిని చేని గట్టుకు లాక్కెళ్లాడు. అడుగున మిగిలిన ఎరువు నీళ్లు మొక్కలకే పోశాడు. డ్రమ్ములో మంచినీళ్లు నింపి, పంపు కొట్టి, గొట్టం గుండా బయటికి పంపాడు. అలా మూడుసార్లు. కడిగిన నీళ్లు ఏట్లో కలవకుండా చేలోకే మళ్లించాడు.

జిత్తయ్య పక్కనే కూర్చుని చూస్తున్నాడు.

"పని అయిపోయాక కూడా ఈ చాకిరీ ఏంటి బావా? మళ్లీ నాట్లకు ఎనిమిది నెలలుంది."

"అందుకే కడుగుతున్నా. అన్ని నెలలు లోపలే ఉంటే ఎరువు ఉప్పులా గడ్డకడుతుంది."

"లోపల ఎవరు చూడొచ్చారు?"

"గొట్టం చూస్తుంది," అన్నాడు కొమ్మన్న, గొట్టం మొదట్లో నలకలు ఆపే జల్లెడ విప్పుతూ.

నాజిళ్లు ఊడదీసి, కడిగి, ఆరబెట్టి, పాత పంచె గుడ్డలో చుట్టి పాక దూలానికి వేలాడగట్టాడు. డ్రమ్ము అడుగు బిరడా తీసి చుక్క నీరు లేకుండా వంచాడు. కందిరీగలు గూడు పెట్టకుండా గొట్టం మూతులకు గుడ్డ కట్టి నీడన పెట్టాడు. జిత్తయ్య తన డ్రమ్ములో మిగిలింది అలాగే ఉంచి మూత బిగించాడు. బయట మాత్రం కానుగ నూనె పట్టించి నిగనిగలాడేదాకా తోమాడు.

ఊరి పెద్ద అయిన బర్రె గౌరమ్మ రెండు బండ్లూ చూడటానికి వచ్చింది.

"నాకూ బండి ఉంది కదా పెద్దమ్మా. ఏటి ఒడ్డు చేను ఎప్పుడూ అతనికేనా?" అన్నాడు జిత్తయ్య.

"నిజమే. వచ్చే నాట్ల ముందు ఇద్దరూ పంపు కొట్టండి. ఎవరి ధార ఆరు నాజిళ్లలోనూ సమంగా పడితే చేను వాళ్లది," అంది గౌరమ్మ. వెళ్తూ వెళ్తూ కొమ్మన్న డ్రమ్ములోకి మూతి పెట్టి, "కాస్త వాసన కూడా లేదు. కడగడమంటే ఇదిరా," అంది.

నిగనిగలాడే బండిని ఒక్క మాటైనా మెచ్చుకోకుండా పోయినందుకు జిత్తయ్యకు నిద్ర పట్టలేదు. కొమ్మన్న గొప్పంతా ఎక్కడుందో నెలల తరబడి ఆలోచించాడు. అంత భద్రంగా గుడ్డలో చుట్టి దూలానికి కట్టాడంటే కిటుకు ఆ నాజిళ్లలోనే ఉండాలని తేల్చుకున్నాడు. వానలు దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం, కొమ్మన్న కళ్లు మూసుకుని నెమరు వేస్తుంటే, మూట విప్పి వాటిని తీసుకుని తనవి పెట్టి కట్టేశాడు.

పందేనికి నాలుగు రోజుల ముందు కొమ్మన్న అలవాటు ప్రకారం మూట దించాడు. పాకలో కాపురముండే ఉడత చారమ్మ తొంగి చూసింది. నాజిళ్ల కన్నాలన్నీ తెల్లగా పూడిపోయి ఉన్నాయి.

"ఇవి మనవి కావు మామా, జిత్తయ్యవి. ఇప్పుడే పోయి ఊరంతా చెబుతా."

"చెబితే కాదంటాడు. మనకు గొంతునొప్పే మిగులుతుంది. వేణ్ణీళ్లు పెట్టు."

రెండు రోజులు నానబెట్టారు.

"తీగముక్కతో పొడవనా?"

"వద్దమ్మా. కన్నం పెద్దదైతే ధార చెడుతుంది."

చారమ్మ తన తోక వెంట్రుకలతోనే ఒక్కో కన్నం ఓపిగ్గా శుభ్రం చేసింది.

పందెం రోజు జిత్తయ్య ముందుకొచ్చి, పాత సరుకు మీదే మరిన్ని ఎరువు నీళ్లు పోసి పంపు కొట్టాడు. చుక్క రాలేదు. డ్రమ్ములో పేరుకున్న గడ్డలు గొట్టంలోకి దిగి ఆరు నాజిళ్లకూ అడ్డం పడ్డాయి. పళ్లు బిగించి ఇంకా గట్టిగా కొట్టాడు. గొట్టం ఊడొచ్చి, కంపుకొట్టే బురదంతా అతని మొహాన చిమ్మింది. ఇన్నాళ్లూ కొమ్మన్నను చూసి మండిన కళ్లు ఈసారి నిజంగానే మండాయి.

"కొమ్మన్నకైతే పనిచేస్తాయి! అవే నాజిళ్లు నాకెందుకు పనిచేయవు?" అని అరిచేశాడు, ఏం అంటున్నాడో తెలియకుండానే.

ఊరంతా అతని వైపు తిరిగింది. గౌరమ్మ అడగకముందే తన దొంగతనం అతనే చెప్పేశాడు.

కొమ్మన్న మొదట నక్క మొహాన ఒక కడవెడు మంచినీళ్లు పోశాడు. తర్వాత తన పంపు కొట్టాడు. ఆరు నాజిళ్లలోంచీ సన్నటి ధార సమంగా పడింది. చేను మళ్లీ అతనిదే అయింది.

అతను నాజిళ్లు ఊడదీసి జిత్తయ్య చేతిలో పెట్టాడు.

"ఇవి నీవే బావా. మంచివే. కడిగితే చాలు."

ఓర్వలేనివాడికి ఎదుటివాడి వస్తువు కనిపిస్తుంది గాని, దాని వెనక పడ్డ పాటు కనిపించదు.