ఉన్నాం అన్న బుద్రి

కొండలకి దారులు పడకముందు, ఉప్పు మనుషుల నెత్తిమీద కొండెక్కే రోజుల్లో, కొర్ర బుద్రి అని ఒకామె ఉండేది. పెద్దింటి మనిషి కాదు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. అడ్డాకులు కోసి, పుల్లలు గుచ్చి విస్తళ్ళు కుట్టుకుని బతికేది. ఆమె ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. మాట్లాడుతూ కుట్టేది, నడుస్తూ కుట్టేది, తిట్టుకుంటూ కుట్టేది.

వాళ్ళవి తొమ్మిది కొండలు. పది అనేవాళ్ళున్నారు. వాళ్ళు కింద నించుని లెక్కపెట్టినవాళ్ళు. ఎక్కి చూసినవాళ్ళకి తెలుసు, తొమ్మిదే.

ఆ కొండల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త సామలు నోట్లో పెట్టుకునే ముందు అందరూ ఒకచోట చేరాలి. ఊరిపెద్ద ఒక్కో ఇంటిపేరూ పిలవాలి. ఆ ఇంటివాళ్ళు "ఉన్నాం" అనాలి. ఇంట్లో మిగిలింది మూలనున్న ముసలిదైనా సరే, ఆమే అనాలి. ఇంకొకరు అనకూడదు. ఇల్లిల్లంతా చచ్చిపోతేనే పక్కింటివాడు లేచి వాళ్ళ బదులు పలుకుతాడు. అలా పలికాక ఆ ఇంటి కుండలు పగలగొడతారు, పొయ్యి ఆర్పేస్తారు. ఆ ఇల్లు అయిపోయినట్టు.

కొండల కింద కోట ఉండేది. కోటలో రాజుండేవాడు. ఆయన సభలో ఒక రాతిపలక ఉండేది. దానిమీద ఎవరి పేరుంటే వాళ్ళని పిలిచి అడిగేవాళ్ళు. రైతుల పేరుంది, నేతగాళ్ళ పేరుంది, చేపలు పట్టేవాళ్ళ పేరుంది. కొండవాళ్ళ పేరు లేదు. తేనె వాళ్ళది కావాలి, చింతపండు వాళ్ళది కావాలి, విస్తళ్ళు వాళ్ళవి కావాలి. పేరు మాత్రం అక్కర్లేదు.

ఒకరోజు డప్పు వేసుకుంటూ కోట మనిషి కొండెక్కాడు. ఇకనుంచి పోడు కొట్టకూడదు, చోళ్ళు చల్లకూడదు. టేకంతా కోటది. వానలు పడ్డాక కొండమీద గొడ్డలితో కనిపించినవాడు దొంగ.

"ఎవుల్నడిగి సేసినారు?" అంది బుద్రి.

"సభనడిగే చేశారు."

"మమ్మల్నడగనేదు."

"మీ పేరు రాతిమీద లేదు," అని డప్పు కొట్టుకుంటూ దిగిపోయాడు.

మొదట ఊరిపెద్ద పాంగి సుక్రు వెళ్ళాడు, తేనె కుండ పట్టుకుని. రాజు తేనె నాకి, బాగుందన్నాడు. సుక్రు ఖాళీ కుండతో తిరిగొచ్చాడు.

రెండోసారి మగాళ్ళు వెళ్ళారు, విల్లంబులు పట్టుకుని. రాజు వాళ్ళకి ఎర్ర తలపాగాలు కట్టించి గుమ్మం కాపలాకి పెట్టుకున్నాడు. ఆ తలపాగాలు ఎవరెవరు కట్టుకున్నారో తొమ్మిది కొండలకీ తెలుసు. వాళ్ళ మనవలు కథ వినడానికి వస్తుంటారు కాబట్టి పేర్లు చెప్పుకోరు. మరిచిపోయి కాదు.

మూడోసారి బుద్రి బయల్దేరింది.

"నువ్వెళ్ళి ఏటి సేస్తావే? రాజుకి విస్తరేస్తావా?" అన్నాడు సుక్రు.

"నువ్వు తేనె నాకించొచ్చినావు కద బావా. నానూ ఏదోటి ఏసొస్తాను."

సభలో పేర్లు చదివారు. ఒక్కొక్కరూ లేచి "ఉన్నాం" అన్నారు. ఆఖరి పేరు అయింది. గుమ్మం దగ్గర్నుంచి బుద్రి "ఉన్నాం" అంది.

"నిన్నెవరూ పిలవలేదే," అన్నాడు దివాను.

"పిలవనేదనే పలికినాను."

బయటికి గెంటారు. తర్వాతి సభకి మళ్ళీ వచ్చింది. "ఉన్నాం" అంది. గెంటారు. ఆ పై సభకీ వచ్చింది. "ఉన్నాం" అంది. ఎర్ర తలపాగాలవాళ్ళే గెంటారు.

రాజుకి విసుగొచ్చింది. దివాను ఉపాయం చెప్పాడు. కొండల పేరు చెక్కించేద్దాం, పలకడానికి మన మనిషిని పెడదాం. అలా దుబాసీ నరసన్న కుదిరాడు. కొండమీద ఉప్పమ్ముకునేవాడు. కొండ భాషలో ఇరవై మాటలు వచ్చు, అందులో పది బేరానివి.

"పేరెక్కింది కదే. ఇంకా ఏటి నీ గోల?" అన్నాడు సుక్రు.

బుద్రికి అన్నం సయించలేదు. ఇంట్లో ఉండలేదు, వాకిట్లో ఉండలేదు. సభ రోజుకి ముందే దిగిపోయి గుమ్మం దగ్గర నించుంది.

"తొమ్మిది కొండలు," అని పిలిచారు.

నరసన్న లేచి, "ఉన్నాం," అన్నాడు.

"పోడు ఆపడం మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే."

బుద్రి వెనక్కి తిరిగి కొండెక్కింది. గడపగడపకీ వెళ్ళి ఒకటే మాట చెప్పింది. "మన బదులు నరసన్న పలికేసినాడు. మనం సచ్చిపోయినాం."

అది విని ఎవరూ నవ్వలేదు. పద్ధతి పద్ధతే. తొమ్మిది కొండల్లోనూ కుండలు పగిలాయి, పొయ్యిలు ఆరాయి. అందరూ బూడిద పూసుకుని వచ్చి కోట ముందు కూర్చున్నారు.

కోటలో రాజుగారి కూతురి పెళ్ళి. మొదటిరోజు వంటవాడు వచ్చి విస్తళ్ళడిగాడు.

"సచ్చినోళ్ళు విస్తళ్ళు కుడతారేటి బాబూ?" అంది బుద్రి.

రెండోరోజు దివాను వచ్చి కట్టెలూ తేనే అడిగాడు.

"సచ్చినోళ్ళు కట్టెలు కొడతారేటి దొరా? మీ నరసన్ననడుగు. ఆడే కద మేం."

మూడోరోజు వియ్యాలవారు వచ్చేశారు. ఏనుగులొచ్చాయి, పల్లకీలొచ్చాయి. కోట ముందు బూడిద పూసుకుని కూర్చున్న జనాన్ని చూసి, ఇది పెళ్ళా చావా అని ఆగిపోయారు. అప్పుడు రాజు తనే నడిచొచ్చాడు.

"మీ పేరు చెక్కించాను. ఇంకేం కావాలి?"

"మా పేరు పిలిస్తే మేమే పలకాల. మాలోంచి ఒకల్ని మేమే పంపుతాం. ఆ మనిషి సరేననకుండా కొండ సంగతి తేల్చకూడదు. ఇదీ రాతిమీద ఎక్కాల."

"పెళ్ళయ్యాక చెక్కిస్తాను."

"అయితే పెళ్ళయ్యాక లేస్తాం."

రాజు అప్పటికప్పుడు రాయి చెక్కేవాణ్ణి పిలిపించాడు. వియ్యాలవారు ఎండలో నించునుండగానే రాయి చెక్కారు. ఎర్ర తలపాగాలవాళ్ళు నీళ్ళు మోశారు. 

కొండలు బుద్రినే పంపాయి. ఆమె సభలో కూర్చోలేదు, నించునే వాదించింది. పోడు నిలబడింది. కానీ తూర్పు వాలులో టేకు అప్పటికే ఎవరో వర్తకుడికి మాటిచ్చేశామని దివాను అడ్డం తిరిగాడు. బుద్రి దానికి సరేననలేదు. ఆ సభలో వాలు తిరిగిమ్మని అడిగింది, ఆ తర్వాతి సభలోనూ అడిగింది. అడుగుతూ అడుగుతూనే ఓ వానాకాలంలో కన్నుమూసింది.

ఆ ఏడు కొత్త సామల రోజున సుక్రు ఆమె ఇంటిపేరు పిలిచాడు. ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. పక్కింటివాడు లేచి పలకాలి. పక్కింటివాడు లేవలేదు. ఆ పక్కింటివాడూ లేవలేదు. చివరికి సుక్రు, "ఆమె బదులు పలికే నోరు నాకూ నేదు," అన్నాడు. ఆ ఇంటి కుండ ఒక్కటీ పగలగొట్టలేదు.

ఈనాటికీ అక్కడ ముందు ఆమె ఇంటిపేరే పిలుస్తారు. ఎవరూ పలకరు. కాసేపాగి తర్వాతి ఇంటికి వెళతారు. కింద నుంచి ఎవరైనా వచ్చి, మీ తరఫున నేను మాట్లాడతానంటే, "ఇక్కడెవులు సచ్చిపోయినారు?" అని అడుగుతారు. కొండలు పంపిన మనిషి ఏ సభకెళ్ళినా, దండం పెట్టకముందే తూర్పు వాలు సంగతి ఎత్తుతాడు. ఆ వాలు ఇంకా ఇవ్వలేదు. వీళ్ళు అడగడం మానలేదు.