గట్టు దాటిన తిమ్మక్క

అనగనగా, వాన మీదే బతికే ఒక మెట్ట ఊరు. ఎటు చూసినా ఎర్రనేల చేలే. ఆ ఊళ్ళో సేద్యం చేసుకునే ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడు ఓబులేసు, చిన్నవాడు సుంకన్న. పెద్దవాడి పెళ్ళాం మద్దమ్మ, చిన్నవాడి పెళ్ళాం తిమ్మక్క.

ఈ తిమ్మక్క ఎవరో తెలుసా చిట్టీ? మా జేజికి అత్తగారు. జేజి అంటే మా నాయనను కన్నతల్లి. అంత వెనకటి మనిషి. నేనూ ఆమెను చూడలేదు. మా జేజి కొంత చెప్పింది, మా మేనత్త కొంత చెప్పింది, మా చిన్నాయన కొంత చెప్పాడు. ముగ్గురూ చెప్పింది కలిపి నీకు చెబుతున్నా. ఇటు తిరిగి పడుకో.

తిమ్మక్క చెయ్యి విత్తనానికి మంచిదని ఊరంతా అనేది. విత్తనం వేసే కొయ్య పనిముట్టును గొర్రు అంటారు. ముందు రెండు ఎడ్లు లాగుతాయి. వెనక మగమనిషి గొర్రును అదిమి పట్టుకుంటాడు. పక్కనే ఆడమనిషి నడుస్తూ, గొర్రు మీది చిన్న గిన్నెలోకి పిడికిట్లోంచి విత్తనం వదులుతుంది. తిమ్మక్క వదిలితే ఒక్కచోట గుంపుగా పడేది కాదు, ఒక్కచోట ఖాళీ మిగిలేది కాదు. మొలకలు పాపిడి తీసినట్టు వచ్చేవట.

అప్పుడు ఏమైందంటే, అన్నదమ్ములిద్దరికీ చెడింది. ఎందుకు చెడిందంటావా? మా జేజినడిగితే గట్టు దగ్గర తుమ్మచెట్టు కొట్టినందుకు అనేది. మా మేనత్తనడిగితే, పెళ్ళి బంతిలో తమ్ముడికి ముందు వడ్డించినందుకు అనేది. మా చిన్నాయనేమో, "మజ్జిగ కుండమ్మా, అంతా మజ్జిగ కుండ వల్లే" అనేవాడు. నిజం ఏదో దేవుడికెరుక. ఆ తర్వాత జరిగింది మాత్రం ముగ్గురూ ఒక్కలాగే చెప్పేవాళ్ళు.

వేరు పడ్డారు. చేను మధ్యలో గట్టు వేసుకున్నారు. ఇంటి మధ్యలో గోడ పెట్టుకున్నారు. ఆ తర్వాత ఎడ్ల దగ్గరికొచ్చారు. ఉన్నది ఒక్క జత. నొసటన తెల్లమచ్చ ఉన్నది బొల్లిగాడు, నల్లగా ఉన్నది కర్రెగాడు. దూడలప్పటి నుంచీ ఒకే కాడి కింద నడిచినవి. అన్న బొల్లిగాణ్ణి పట్టుకుపోయాడు, తమ్ముడు కర్రెగాణ్ణి కట్టేసుకున్నాడు. ఒక్క ఎద్దుతో సేద్యం ఎట్లా నడుస్తుందని ఇద్దరిలో ఒక్కడూ ఆలోచించలేదు. కోపం అట్లాంటిది.

ఎనిమిది నెలలు మాటల్లేవు. మగవాళ్ళు మాట్లాడుకోలేదని ఆడవాళ్ళూ మానేశారు. బావి దగ్గర మద్దమ్మ కనిపిస్తే తిమ్మక్క తల వంచుకునేది. తనకు కాన్పయినప్పుడు పథ్యం వండిపెట్టిన చేతులు అవి. పలకరిస్తే మొగుడికి కోపం, పలకరించకపోతే తనకు దిగులు.

అంతకుముందు ఏడాది వానల్లేక గాదెలు ఖాళీ అయినాయి. ఈ ఏడు ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. చేలకు పదును వచ్చింది. పదును అంటే విత్తనం మొలిచేంత తడి. ఎర్రనేల కదా, ఆ పదును మూడు రోజులే ఉంటుంది. ఆ లోపల కొర్ర విత్తితే గింజ, లేకపోతే ఆ ఏడంతా పస్తు.

మొదటి రోజు సుంకన్న ఎద్దు కోసం ఊరంతా తిరిగాడు. అందరూ విత్తే రోజున ఎద్దు ఎవరిస్తారు? చివరికి ఒకాయన దున్నపోతును ఇచ్చాడు. దాన్ని కర్రెగాడి పక్కన కట్టారు. కర్రెగాడు నాలుగడుగులు వేస్తే అది ఒక అడుగు వేసేది. కాసేపటికి నీళ్ళ గుంట కనిపించేసరికి, గొర్రుతో సహా పోయి దాంట్లో పడుకుంది. పొద్దు గూకింది. ఒక్క సాలు కూడా తిన్నగా పడలేదు.

రెండో రోజు సుంకన్న తనే కాడి కింద మెడ పెట్టాడు. ఒకవైపు కర్రెగాడు, ఒకవైపు మనిషి. తిమ్మక్క ఒక చేత్తో గొర్రు పట్టుకుంది, ఇంకో చేత్తో విత్తనం వదిలింది. మూడు సాళ్ళు పోయారు. మూడో సాలు చివర సుంకన్న మోకాళ్ళ మీద కూలబడ్డాడు. భుజం మీద తోలు లేచిపోయింది.

"నీళ్ళు తాగు," అంది తిమ్మక్క.

"తాగడానికి పొద్దేదే? గొర్రు పట్టు," అన్నాడు.

అప్పుడు తిమ్మక్క చెమట తుడుచుకుంటూ గట్టు అవతలికి చూసింది. అక్కడా అదే కథ. ఓబులేసు గొర్రు పట్టుకుని ఉన్నాడు. కాడికి ఒకవైపు బొల్లిగాడు. రెండోవైపు మద్దమ్మ. నెరిసిన జుట్టు ముఖం మీద పడి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. ఓబులేసు ముఖం చూస్తే, ఎవరో కొట్టినట్టు ఉంది.

తిమ్మక్క ఒడిలో ఉన్న విత్తనాలు కొంగున ముడేసుకుంది. కర్రెగాణ్ణి విప్పింది.

"యాడికే?" అన్నాడు సుంకన్న.

"అక్క మెడ కాడి కింద ఉంది."

"ఉంటే? గట్టు దాటినావంటే మళ్ళీ నా గడప తొక్కొద్దు!"

తిమ్మక్క ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత ఎద్దు తాడు పట్టుకుని గట్టు దాటింది.

మద్దమ్మ మెడ మీది కాడిని రెండు చేతులా ఎత్తింది. ఆ చోట కర్రెగాణ్ణి నిలబెట్టింది. బొల్లిగాడు తల తిప్పి కర్రెగాడి చెవి నాకాడు. మా చిన్నాయన ఈ ముక్క చెప్పేటప్పుడు ప్రతిసారీ ఆగి ముక్కు చీదేవాడు.

"ముందు మీ చేను అయిపోనియ్యండి బావా," అంది తిమ్మక్క. "రేపు మాకు రండి."

ఓబులేసు గొర్రు పట్టుకున్నాడు. ఎడ్లు కదిలాయి. తిమ్మక్క పక్కన నడుస్తూ విత్తనం వదిలింది. మద్దమ్మ గట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పొద్దు గూకేసరికి పెద్దవాళ్ళ చేను పల్లమూ మిట్టా అంతా విత్తడం అయిపోయింది. ఓబులేసు మాత్రం ఒక్క మాటా అనకుండానే బొల్లిగాణ్ణి తోలుకుని వెళ్ళిపోయాడు.

తిమ్మక్క కర్రెగాణ్ణి తీసుకుని ఇంటికొచ్చి గడప బయటే నిలబడింది. సుంకన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేల చూస్తూనే అడిగాడు.

"విత్తనం ఎట్ల పడింది?"

"బాగా పడింది."

"ఊ. లోపలికి రా. ఈ భుజానికి కాస్త పసుపు, నూనె రాయి."

ఇంక మూడో రోజు. తెల్లవారకముందే ఇద్దరూ చేనికి పోయారు. పొద్దు పొడిచింది. బారెడు పైకొచ్చింది. ఎవరూ రాలేదు. మిట్ట మీద మట్టి అప్పుడే రంగు మారుతోంది.

"నేను చెప్పలా?" అన్నాడు సుంకన్న. "మన పదును వాళ్ళకు పెట్టొచ్చినావు."

తిమ్మక్కకు పిల్లల ముఖాలు కళ్ళముందు మెదిలాయి. తప్పు చేశానేమో అనుకుంది.

అదే సమయానికి ఓబులేసు ఇంట్లో ఏం జరుగుతోందో మద్దమ్మ తర్వాత చెప్పుకుంది. ఆయన మంచం దిగలేదట. "వాడు వచ్చి అడగనీ, అప్పుడు పోతా" అన్నాడట. అప్పుడు మద్దమ్మ పొయ్యి ఆర్పేసి వచ్చి ఎదురుగా నిలబడిందట. "నిన్న నా మెడ మీద నుంచి కాడి తీసింది నువ్వు కాదు, నీ మరదలు. వాళ్ళ చేను ఎండితే, మన చేలో పండినవి నా గొంతు దిగవు. నువ్వు పోకపోతే నేనే పోతా."

అప్పుడు ఓబులేసు లేచాడు.

బొల్లిగాణ్ణి తోలుకుంటూ గట్టు దాటి వచ్చాడు. ఎనిమిది నెలల తర్వాత తమ్ముడి ముఖం చూశాడు. భుజం మీది పుండు చూశాడు.

"కాడి తాడు యాడుందిరా?"

"ఇదిగో అన్నా," అన్నాడు సుంకన్న.

అంతే. కాళ్ళ మీద పడడం లేదు, కౌగిలింతలు లేవు. ఎడ్లను కట్టి బిరబిరా సాగారు. ఓబులేసు గొర్రు పట్టాడు, సుంకన్న ఎడ్లను అదిలించాడు, తిమ్మక్క విత్తనం వదిలింది. పల్లం అంతా అయింది. మిట్ట దగ్గరికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. తిమ్మక్క వంగి మట్టి పిడికిట పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి దుమ్ములా జారిపోయింది.

"ఆపండి బావా. ఇంక మొలవదు."

సగం చేను అట్లాగే మిగిలిపోయింది.

ఆ తర్వాత చినుకులు పడ్డాయి. కొర్ర బాగా ఎదిగింది. నక్క తోకల్లాంటి కంకులు వంగి ఊగాయి. పెద్దవాళ్ళ చేను నిండా పంట. చిన్నవాళ్ళకు పల్లంలో పంట, మిట్టంతా గడ్డి.

కోతలైన రోజు ఓబులేసు కొర్ర కట్ట నెత్తిన పెట్టుకుని, తమ్ముడు పంట నూర్చే కల్లానికి వచ్చాడు. దించి మళ్ళీ పోయాడు. మళ్ళీ తెచ్చాడు. మూడోసారి వస్తుంటే సుంకన్న అడ్డం నిలబడ్డాడు.

"ఏందన్నా ఇది?"

"నా మిట్ట మీద పంట. పొద్దెక్కేదాకా మంచం దిగలేదు నేను. నీ మిట్ట నా వల్ల ఎండింది."

"వద్దన్నా. నీ పిల్లలు తినేది."

"పట్టరా, మెడ నొస్తోంది," అన్నాడు ఓబులేసు.

ఇద్దరూ అట్లా నిలబడిపోతే, తిమ్మక్క మద్దమ్మ ముఖం చూసి నవ్వింది. "ఇన్నిసార్లు మొయ్యడం ఎందుకు బావా? మీ పంటంతా ఇక్కడికే తెచ్చెయ్యండి. ఒక్క కల్లంలోనే నూర్చుదాం. ఎవరికెంత కావాలో అక్కా నేనూ చూసుకుంటాం."

ఆ ఏడు రెండిళ్ళ పంటనూ ఒకే కల్లంలో పోసి, ఆ జత ఎడ్లతోనే తొక్కించారు. ఆ పై ఏడూ అంతే. అన్నదమ్ములు మళ్ళీ పోట్లాడుకోలేదా అంటావేమో, పోట్లాడుకున్నారు, చాలాసార్లు! కానీ కల్లం మాత్రం వేరు చెయ్యలేదు. ఊళ్ళోవాళ్ళు ఆ రెండిళ్ళనూ "ఒంటికల్లమోళ్ళు" అని పిలవడం మొదలుపెట్టారు. పిలిచి పిలిచి అదే ఇంటిపేరైంది. నేను పుట్టింది ఆ ఇంట్లోనే. పెళ్ళిదాకా నా ఇంటిపేరూ అదే తల్లీ.

రేపు మీ అమ్మ అడిగితే, మద్దమ్మ పొయ్యి ఆర్పేసిన ముక్క మర్చిపోకుండా చెప్పు. ఇప్పుడు కళ్ళు ముయ్యి.

కథ నడిచి నడిచి కంచి చేరింది,
నిద్ర నడిచి నడిచి నీ మంచం చేరింది.