చొక్కా లోపలి పుస్తకం

దుందుభి నామ సంవత్సరం, వానాకాలం. ఈ కథ మీ అమ్మమ్మ చెప్పదు బంగారం, నేనే చెప్పాలి. అనగనగా, అంటే మరీ అంత పూర్వం కాదులే, ఒక ఊళ్ళో తాటాకు ఇళ్ళు కప్పే మొండివాడు ఒకడుండేవాడు. వాడికి ఒక భార్య, పైడితల్లి అని ఐదేళ్ళ కూతురు.

"అమ్మ పేరే, తాతా!"

"నువ్వు ఊఁ కొట్టు, అంతే."

ఆ భార్యకు ఒక నోటుపుస్తకం ఉండేది. కోడి ఎప్పుడు పొదిగింది, పిల్ల ఏ రోజు నడిచింది, అన్నీ రాసుకునేది. మొండివాడికి అక్షరం ముక్క రాదు. "రాసి ఎవరిని ఉద్ధరిస్తావే?" అని వెక్కిరించేవాడు.

ఒకసారి ఆమె చెల్లెలి పురిటికి వెళ్ళింది. వెళ్తూ పుస్తకం వాడి చేతిలో పెట్టి, "పిల్లకు జబ్బు చేస్తే డాక్టరమ్మకు ఇది చూపించయ్యా. దానికి పడని సూది పేరు రాశాను" అంది.

ఆ తర్వాత నాలుగు రోజులకే పిల్లకు జ్వరం పట్టుకుంది. మొండివాడు పుస్తకం చొక్కా లోపల దోపుకుని, పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పోయాడు.

అక్కడ ముందున్న ముసలాయన చీటీ అటూ ఇటూ తిప్పుతుంటే నర్సమ్మ, "నీ పేరు కూడా నువ్వు చదువుకోలేవా పెద్దాయనా?" అంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మొండివాడే నవ్వాడు.

అప్పుడు వాడి వంతు వచ్చింది. "పడని మందేదైనా ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదండి."

"ఇంట్లో ఆవిడ ఏమైనా చెప్పిందా?"

"లేదండి."

"ఆ చొక్కాలో ఏంటయ్యా?" అంది నర్సమ్మ.

తీస్తే చదవమంటుందని వాడి భయం. "పొగాకండి" అన్నాడు.

పది రోజులు, పది సూదులు. జ్వరం తగ్గింది. ఆ తర్వాత భార్య తిరిగొచ్చి, గుమ్మంలోంచి "పైడీ!" అని పిలిచింది. గుమ్మం పిల్లకు ఎడమ పక్క. పిల్ల తిరగలేదు. మళ్ళీ పిలిచింది. మూడోసారికి పిల్ల తలెత్తి, అమ్మ కోసం కుడి పక్క వెతికింది.

భార్య వాణ్ణి తిట్టలేదు. పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టి, వాడి వైపు చూసింది.

ఆ ఏడాదే వాడు రాత్రి బడిలో చేరాడు. మొదట కూడబలుక్కుని చదివింది ఆ పేజీయే. 'ఈ సూదికి పిల్ల చెవిలో హోరు. మళ్ళీ వేయించకూడదు.'

"తాతా, వాడికి సిగ్గేసిందా?"

"వేసింది. ఇంకా వేస్తూనే ఉందమ్మా."

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో నిద్ర దారి పట్టింది.

రేపు పొద్దున్న అమ్మను కుడి పక్క నుంచి పిలువు. ఎడమ చెవి వినపడదు.