రెట్ట చూసి జబ్బు చెప్పిన అచ్చియ్యమ్మ

మీ తాతల తాతలు కూడా పుట్టని కాలాన, ఒక ఏటి గట్టున గువ్వలపాడు అనే చిన్న ఊరు ఉండేది. అక్కడంతా ఇసుక నేల. వరి పండదు, పశువులకు మేత మొలవదు. అందుకని ఇంటింటా కోళ్లనే పెంచుకునేవారు. గుడ్లు ఏటి అవతలి సంతలో ఇచ్చి బియ్యం తెచ్చుకునేవారు.

ఆ ఊళ్లో అచ్చియ్యమ్మ అనే ఒంటరి ముసలమ్మ ఉండేది. ఆమెకు పదకొండు కోళ్లు. తెల్లవారగానే గూడు తెరిచి, గింజలు చల్లకముందే ఒక్కొక్క కోడినీ చంకన పెట్టుకుని, మెడ కింద మేతసంచి తడిమి చూసేది. ముందు రోజు తిన్నది అరిగితే, ఆ సంచి పొద్దున్నే ఖాళీగా, మెత్తగా ఉండాలి. ఆ తర్వాత గూటి ముందు వంగి రెట్టలు చూసేది.

ఊరంతా ఆమెను "రెట్టల అచ్చియ్యమ్మ" అని పిలిచి నవ్వేది.

"మనకు కడుపునొప్పి వస్తే నోటితో చెప్పుకుంటాం. కోడికి నోరేదీ? రెట్టే దాని మాట" అనేది ఆమె.

ఊరిపెద్ద జగ్గునాయుడు. ఆయనకు అరవై కోళ్లు. తన దొడ్డి పేరు చెబితే సంతలో గుడ్లు ముందుగా అమ్ముడుపోతాయని ఆయనకు మహా గర్వం.

ఒకనాటి ఉదయం అచ్చియ్యమ్మ ఆయన దొడ్డి పక్కగా వెళుతూ ఆగింది. ఆయన ముద్దుగా పెంచుకునే నల్లపెట్ట మెడ సాచి నోరు తెరుస్తోంది. దగ్గరికెళ్లి తడిమితే మేతసంచి నిమ్మకాయలా గట్టిగా ఉబ్బి ఉంది. నోట్లోంచి పులిసిన వాసన.

"బాబూ, దీనికి నిన్నటి మేత దిగలేదు. గింజలు ఆపండి. గోరువెచ్చని నీళ్లు కాసిని పట్టించి, మెల్లగా సంచి నిమరండి" అంది.

నాయుడు నవ్వాడు. "మా ఇంట మేత ఎక్కువ. నీ కోళ్లకు ఆ భాగ్యం లేదులే!" అని ఇంకో గుప్పెడు చల్లాడు.

మూడోనాడు నల్లపెట్ట చచ్చింది. పాము కరిచిందని నాయుడు అందరికీ చెప్పాడు.

తర్వాత ముసురు పట్టింది. ఆరు రోజులు వాన. నాయుడి కోళ్లగూడు నేల బురదైంది. కోడిపిల్లలు ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వాల్చి, కళ్లు మూసుకుని ఓ మూల ముడుచుకున్నాయి. రెట్టల్లో నెత్తురు.

అచ్చియ్యమ్మ దడి మీంచి చూసి అదిరిపోయింది. "నాయుడుగారూ, ఇది రక్తపారుడు. ఒకదాని రెట్ట ఇంకొకటి పొడిస్తే అన్నిటికీ అంటుకుంటుంది. జబ్బువాటిని వేరుగా పెట్టండి. బురద ఎత్తిపోసి పొడి ఊక వెయ్యండి. సంత ఊరి పశువైద్యుడి దగ్గర నీళ్లలో కలిపే మందుంది, ఈ రోజే తెప్పించండి."

"మిరపతొక్కలు తిన్నాయి, అంతే! ఈ మాట బయటికి పొక్కిందో, నీకు ఊళ్లో చోటుండదు" అన్నాడు నాయుడు.

మాట పొక్కితే తన గుడ్లు ఎవరు ముట్టుకుంటారు? అదీ ఆయన భయం. అందుకని, అవి తన దొడ్లోనే చచ్చి గుట్టు బయటపడకూడదని, ఇంకా కాళ్ల మీద నిలబడ్డ కోళ్లను ఏరి, "నా గుర్తుగా ఉంచుకోండి" అంటూ ఇంటింటికీ పంచిపెట్టాడు. జనం చేతులు జోడించి పుచ్చుకున్నారు. కోళ్లతో పాటు జబ్బు కూడా ప్రతి గూటిలోకీ నడిచింది.

అచ్చియ్యమ్మ ఇక ఊరుకోలేకపోయింది. నీళ్లబావి దగ్గర నిలబడి గొంతెత్తి చెప్పింది. "కొత్త కోడిని మీ వాటిలో కలపకండి! విడిగా కట్టి రెండు వారాలు రెట్ట చూడండి!"

ఎవరూ వినలేదు. వారం తిరిగేసరికి ప్రతి దొడ్లోనూ కోళ్లు రాలాయి. ఆమె పదకొండు మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి.

అప్పుడు నాయుడు అన్నాడు. "చూశారా? అందరివీ చచ్చాయి, దీనివి బతికాయి. ముందే ఎలా తెలిసింది దీనికి? ఇది చేతబడి కాక మరేమిటి?"

జనం కర్రలతో వెళ్లారు. పదకొండు కోళ్ల మెడలూ విరిచారు. మునుపు ఆమె చేతి వైద్యంతో కోళ్లను బతికించుకున్నవాళ్లు కూడా ఆ గుంపులో ఉన్నారు. అచ్చియ్యమ్మ ఖాళీ గంప చంకన పెట్టుకుని ఏరు దాటి, అవతలి గట్టున చిన్న పాక వేసుకుంది.

కొన్నాళ్లకు కుమ్మరి భార్య గవరమ్మ ఏరు దాటింది. చెంగులో ఆమెకు మిగిలిన ఒకే ఒక్క కోడిపిల్ల.

"నీ మొగుడు కూడా కర్ర పట్టాడు" అంది అచ్చియ్యమ్మ.

"పట్టాడు అత్తా. నేను వద్దనలేదు" అని గవరమ్మ ఏడ్చింది.

ముసలమ్మ ఆ పిల్లను తీసుకుంది. పొడి నేల మీద ఉంచింది. వైద్యుడి మందు తెచ్చి చుక్కచుక్కగా పట్టించింది. అయిదో నాడు అది తనంతట తాను గింజ పొడిచింది.

ఆ సంగతి విని నాయుడు కూడా వచ్చాడు, ఎవరూ చూడకుండా. సంచి తడమడం, రెట్ట చూడడం, గూడు ఆరబెట్టడం ఆమె ఆయనకు నేర్పింది. ఆయన ఊళ్లోకి వెళ్లి, "సంత ఊరి వైద్యుడు నాకు చెప్పాడు" అని అందరికీ నేర్పాడు.

గవరమ్మ నలుగురి మధ్యా లేచి నిలబడింది. "ఆ మాటలు వైద్యుడివి కావు నాయుడుగారూ. మనం తరిమేసిన మనిషివి, ఆమె నోటే నేనూ విన్నాను. మొదటి జబ్బుకోడి మీ దొడ్డిదే."

నాయుడు తల వంచుకున్నాడు. ఆ నాటి నుంచి ఆయన మాట ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఊరు ఊరంతా సిగ్గుపడి, ఆమెను తీసుకురావడానికి ఏరు దాటింది.

పాక ఖాళీగా ఉంది. "నిన్ననే పడవెక్కి దిగువకు వెళ్లిపోయింది. ఏ ఊరో చెప్పలేదు" అన్నాడు పడవవాడు. ఎంత వెతికినా ఆమె మరి కనబడలేదు.

పిల్లలూ, జబ్బును దాచినవాడు దాన్ని పదిమందికీ పంచుతాడు. జబ్బును ముందుగా చూసి చెప్పినవారిని తరిమేసుకున్న ఊరికి, తప్పు తెలిసే నాటికి క్షమించమని అడగడానికి కూడా మనిషి మిగలదు.