ఇటుక గడప

కుర్మమ్మ తనతో మాట్లాడటం లేదని ఫణీంద్ర అలిగాడు.

సోషల్ వర్క్‌లో నా తోటి పరిశోధక విద్యార్థి వాడు. పాలమూరు నుంచి మా ఊరికి వలస వచ్చిన కూలీల బతుకుల మీద వాడి పరిశోధన. ఆ కూలీలందరికీ పెద్దదిక్కు కుర్మమ్మ. ఆమె నోరు విప్పకపోతే మిగతా ఆడవాళ్ళూ విప్పరు. ఆమేమో వాడు కనబడగానే అటు తిరిగి బియ్యం ఏరుకునేది.

"టాపిక్ మార్చేస్తాను మాస్టారూ. వాళ్ళకి ఇల్లా, వాకిలా? ఏం చెబుతారు!" అన్నాడు చివరికి.

మా గైడ్ జకరయ్య మాస్టారు తలెత్తి వాడి వైపు చూశారు. ఆయన కోప్పడగా మేమెప్పుడూ ఎరగం. ఒక్కసారి తిడితే బాగుండు అనిపించేది మాకు.

"ఆదివారం నేనూ వస్తాను, పదండి" అన్నారు.

కుర్మమ్మ వాళ్ళు కడుతుండిన మేడకు ఇప్పుడు గాజు కిటికీలున్నాయి, గేటు దగ్గర కాపలా మనిషి ఉన్నాడు. అప్పట్లో ఉత్త స్తంభాలు, పైన శ్లాబు. కట్టే కూలీల కాపురం అందులోనే. నాలుగు స్తంభాల మధ్య జాగా ఒక్కో సంసారానికి. గోడల్లేవు కనుక ఎటు నుంచైనా నడిచి వెళ్ళిపోవచ్చు. ఫణీంద్ర ఎప్పటిలాగే రోడ్డు వైపు నుంచి బూట్లతో ఎక్కి, కుర్మమ్మ పొయ్యి పక్కగా చక్కా నడిచి లోపల నిలబడ్డాడు.

మాస్టారు ఎక్కలేదు. ఇసుక గుట్టలు చుట్టుకుని, ఆ ఎండలో వెనక వైపుకు నడిచారు. నేనూ ఆయన వెంటే వెళ్ళాను. అక్కడ రెండు స్తంభాల మధ్య ఒక వరస ఇటుకలు పేర్చి ఉన్నాయి. వాటికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. ముందు చిన్న ముగ్గు కూడా ఉంది. మాస్టారు చెప్పులు విడిచి నిలబడ్డారు.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

కుర్మమ్మ గబగబా కొంగు సర్దుకుని చెంబుతో నీళ్ళు తెచ్చింది. "రా సారూ. కాళ్ళు కడుక్కో."

ఆ పూటంతా ఆమె ఊళ్ళో వదిలేసి వచ్చిన ఇంటి గురించే చెప్పింది.

"మా ఇంటి గడప మేడి చెక్కది సారూ. మా అత్త పెట్టిచ్చింది. శుక్రారం శుక్రారం పసుపు పూస్తుంటి. ఇప్పుడు ముండ్లకంప అడ్డమేసి వచ్చినం" అంటూ కళ్ళు తుడుచుకుంది. వింటున్న నాకూ దుఃఖం ఆగలేదు. ఫణీంద్ర వైపు మాత్రం ఆమె ఒక్కసారీ చూడలేదు.

తిరిగొస్తుంటే వాడు ఉక్రోషం పట్టలేకపోయాడు. "అన్ని వైపులా తెరిచే ఉంది కదా మాస్టారూ. ఎండలో అంత చుట్టు తిరిగి వెళ్ళడం ఎందుకు?"

"గుమ్మం అటుంది కదయ్యా" అన్నారు మాస్టారు.

మరుసటి ఆదివారం ఫణీంద్ర కూడా ఇసుక గుట్టలు చుట్టుకునే వెళ్ళాడు. బూట్లు విప్పి, ముగ్గు తొక్కకుండా నిలబడ్డాడు. కుర్మమ్మ చూసింది. చూసి, చేతిలో ఉన్న గిన్నెను తాపీగా తోమింది. తోమడం అయ్యాక చెంబు అందుకుంది.

"ఎండల ఎంతసేపు నిలబడ్తవు బిడ్డా? లోపటికి రా."